ఎవరి దారిని ఎవరు పొడిగిస్తున్నారు?



మా విచారణ గుడి ఆవరణలో గేటు నుండి గుమ్మం దాకా తిన్నగా సిమెంటు బాట వేయించాము. నాలుగు నెలలు తిరగకముందే ప్రక్కనున్న వేపచెట్ల క్రింద మరొక కాలిబాట పడింది. "చక్కని బాట ఉండగా చుట్టు తిరగడం ఎందుకు?" అని ప్రసంగంలో మందలించాను కూడా. తరువాత ఒక ఏప్రిల్ ఆదివారం, పూజ ముగిసిన వేళ, చెప్పులు లేని ఒక అవ్వ వెనుక నేనూ వట్టి కాళ్లతో నడిచాను. సిమెంటు నిప్పులా కాలుతోంది. బుద్ధి చెప్పవలసింది అవ్వకు కాదు, నాకేనని అప్పుడు తెలిసింది.

మనిషి దారిని ఎలా ఎంచుకుంటాడన్నది శాస్త్రజ్ఞులు శ్రద్ధగా పరిశీలించిన విషయమే. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సైకిలు మీద పనులకు వెళ్లే 164 మంది ప్రయాణాలను ఉపగ్రహ సంకేతాల సాయంతో నమోదు చేసి, 2012లో ఫలితాలను ప్రకటించారు. దూరం ఎంతన్నది వారు చూసుకుంటారు. అయినా ఎత్తులను, మలుపులను, వాహనాల రద్దీని తప్పించుకోవడానికి కొంత చుట్టు తిరగడానికైనా సిద్ధపడతారు. 2021లో వెలువడిన మరొక పరిశోధన బోస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాలలో వేలాదిమంది పాదచారుల నడకను పరిశీలించింది. చాలామంది అన్నిటికంటే దగ్గరి దారిన కాక, గమ్యం వైపు తిన్నగా పోతున్నట్లు తోచే దారిన నడుస్తారని, వెళ్లిన దారినే తిరిగి రారని తేలింది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజులలో అరిస్టాటిల్ వద్ద, పునీత తోమాసు అక్వినాసు వద్ద ఒక సంగతి నేర్చుకున్నాము. గమ్యాన్ని కోరుకుంటాము, దాన్ని చేర్చే మార్గాన్ని ఎంచుకుంటాము. ఎంపిక స్వేచ్ఛకు గుర్తు గనుక, ఎంచుకున్నవాడే దానికి బాధ్యుడు. ఇంతవరకు బాగానే ఉన్నది. అయితే అతని ఎదుట ఆ మార్గాలను మాత్రమే ఉంచినది ఎవరు?

ఈ ప్రశ్నకు మన సోమశిలకు మించిన పాఠశాల లేదు. 1980లలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఈ ప్రాంతపు ఊళ్లు, పొలాలు మునిగిపోయాయి. సోమశిల గుడులను సైతం విప్పి మరొక చోట కట్టవలసి వచ్చింది. కృష్ణ వెడల్పు పెరిగింది. ఎదుటి ఒడ్డున సిద్ధేశ్వరం కంటికి కనబడుతుంది. రోడ్డున పోవాలంటే కర్నూలు మీదుగా చుట్టి రావాలి. కాబట్టి జనం పడవ ఎక్కారు. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట వద్ద పడవ మునిగి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న వంతెనకు కేంద్రప్రభుత్వం 2022లో, 1,000 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో, ఆమోదం తెలిపింది.

ఇటువంటి దుర్ఘటన జరిగినప్పుడల్లా మన నోట ఒక మాట వస్తుంది: "వాళ్లను ఎవరు ఎక్కమన్నారు?" పాఠకులారా, ఆ మాట అనే ముందు ఒక్క క్షణం ఆగుదాము. పడవ ఎక్కేవానికి జాగ్రత్త అవసరం లేదని నేను అనడం లేదు. ఎక్కించుకునేవానికి అంతకంటే ఎక్కువ అవసరం. కానీ ఒకవైపు రోజంతా పట్టే చుట్టుదారి, మరొకవైపు కాసేపటి పడవ ప్రయాణం ఉన్నప్పుడు, జేబులో కూలి డబ్బులు మాత్రమే ఉన్న మనిషికి మిగిలిన స్వేచ్ఛ ఎంత? జలాశయం వలన ఎక్కడెక్కడి పొలాలకో నీరు, ఎవరెవరి ఇండ్లకో కరెంటు అందింది. దారి పొడుగైనది మాత్రం ఇక్కడివారికి. అటువంటప్పుడు వంతెన దానధర్మం కాదు, తీర్చవలసిన బాకీ.

ఇది ప్రభుత్వాల సంగతి అని మనం చేతులు కడుగుకోలేము. రద్దీకి జడిసి సైకిలువాడు చుట్టుదారి పడుతున్నాడంటే, ఆ రద్దీ ఎవరు? మోటారు సైకిలు మీద సందులో దూసుకుపోయే మన అబ్బాయి. కాలిబాట మీదికి మెట్లు కట్టుకున్న మనము. బడి గేటుకు అడ్డంగా కారు నిలిపే మనము. మన వేగం, మన సౌకర్యం మరొకరి దారిని పొడిగిస్తున్నాయి. వారు నోరు మెదపకుండా తప్పుకొని పోతారు గనుక మనకు తెలియదు.

లూకా సువార్తలోని యెరికో బాటను గుర్తు చేసుకోండి. యాజకుడు, లేవీయుడు గాయపడినవానిని కొట్టలేదు, దోచుకోలేదు. రోడ్డుకు ఆవలి ప్రక్కన నడిచారు, అంతే. దారి ఎంచుకోవడంలోనే వారి పాపం ఉన్నది. గురువునైన నాకు ఆ కథ ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంటి ముందు నుండి నడిచి పోయేవారిని కాసేపు గమనించండి. ఎక్కడ ప్రక్కకు తప్పుకుంటున్నారు? ఎందుకు? ఆ కారణం మీ చేతిలోనిదైతే తొలగించండి.

మేము కూడా వేపచెట్ల క్రింది బాటకు మట్టి పోయించి చదును చేయించాము. ఇప్పుడు నేనూ ఆ దారినే నడుస్తున్నాను.