చాకలివాని సబ్బు

(వాక్యభాగము: మలాకీ 3:1–4)



మన స్త్రీల సమాజమువారు క్రిస్మసునకు ముందుగా ఇంటి సబ్బు చేయ సంకల్పించిరి. కారణము మీకు తెలియనిది కాదు. జనవరినుండి మిరప కోతలు ఊపందుకొనును. పగలంతయు కాయలు కోసి, తొడిమలు తీసి ఇంటికి వచ్చు మన అక్కచెల్లెండ్ర చేతులు రాత్రివరకు మండుచునే యుండును. చంటిబిడ్డ మొగము తాకవలెనన్న తల్లికి భయము. మిరపలోని కారము నీటిలో సరిగా కరగదు, నూనెలో కరగును. అందుచేత ఉత్త నీళ్లతో ఎంత కడిగినను మంట పోదు. మొదట కొంచెము వంటనూనె రాచుకొని, పిమ్మట సబ్బుతో రెండు మూడుమారులు కడుగుకొనినయెడల చాలవరకు తగ్గును. ప్రత్తి చేనికి మందు కొట్టి వచ్చినవారి బట్టలను కూడ పిల్లల బట్టలతో కలుపక, వేరుగా సబ్బు పెట్టి ఉదుకవలెను. కాబట్టి ఈ ప్రాంతమున సబ్బు సింగారపు వస్తువు కాదు.

మొదట చేసిన సబ్బు వేపనూనెది. అది గోధుమ రంగున, గట్టి వాసనతో వచ్చెను. పని చేసెను గాని ఎవరికిని నచ్చలేదు. "అయ్యగారూ, ఇది రాసుకొని గుడికెట్లా వస్తామండీ? తెల్లది చేద్దామండీ" అనిరి. తెలుపుమీద మనకెంత ఆశయో చూడుడి! బాప్తిస్మమునకు తెల్లచీర, పెండ్లికి తెల్లచీర, క్రిస్మసుకు గోడలకు తెల్లసున్నము.

అంగడిలో దొరకు సబ్బులు కొన్నిటిలో తెలుపుకొరకు టైటానియం డయాక్సైడ్ అను పొడిని కలుపుదురు. అది లేకుండ సహజముగా తెల్లనైన సబ్బు కావలెనంటే నూనెయే తెల్లనిది కావలెను. కొబ్బరినూనె తెల్లని గట్టి సబ్బునిచ్చును. గొఱ్ఱె కొవ్వు, పశువుల కొవ్వు కరగించి, వడకట్టి, శుభ్రపరచినయెడల అదియు తెల్లని సబ్బే యగును. వేరుసెనగ నూనెతో లేత పసుపు, కానుగతోను వేపతోను గోధుమ రంగు వచ్చును. బెల్లము గాని పాలు గాని చేర్చినయెడల వాటిలోని తీపి వేడికి మాడి రంగు తిరుగును.

చేయు విధము వ్రాయుమని పొరుగు సంఘములవారు అడిగిరి గనుక వ్రాయుచున్నాను. ఒక కిలో కొబ్బరినూనెకు 170 గ్రాముల కాస్టిక్ సోడా, 350 గ్రాముల నీరు. అన్నియు త్రాసులో తూచవలెను, గ్లాసుతో కొలువరాదు. సోడాను నీటిలో కొంచెము కొంచెముగా వేయవలెనే గాని, సోడామీద నీళ్లు ఎన్నడును పోయరాదు. అది భగ్గున పొంగి మొగముమీదికి చిమ్మును. అల్యూమినియము గిన్నెను కాస్టిక్ తినివేయును గనుక స్టీలు గిన్నెయే వాడవలెను. ఆరుబయట, గాలి వచ్చుచోట, కండ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు పెట్టుకొని, పిల్లలను దూరముగా ఉంచి చేయవలెను. చర్మముమీద పడినయెడల వెంటనే చాలసేపు నీళ్లు పోయవలెను. కంటిలో పడినయెడల కడుగుచునే ఆసుపత్రికి పోవలెను. నీరు కాగినంత వేడెక్కును. అది గోరువెచ్చన అయిన తరువాత గోరువెచ్చని నూనెలో పోసి, గరిటె గీసిన గీత నిలుచువరకు కలిపి, కాగితము పరచిన చెక్కపెట్టెలో పోయవలెను. కొబ్బరి సబ్బు త్వరగా గట్టిపడును గనుక ఆలస్యము చేయక కోసి, నాలుగు వారములు గాలికి ఆరనియ్యవలెను. తొందరపడి వాడకుడి.

ఇక వాక్యమునకు వత్తము. మలాకీ ప్రవక్త రాబోవు ప్రభువును రెండింటితో పోల్చెను: లోహమును పుటమువేయువాని అగ్నితోను, చాకలివాని సబ్బుతోను. ఆ కాలమునాటి సబ్బు మన బిళ్లవంటిది కాదు; ఉప్పునేలలో పెరుగు మొక్కలను కాల్చిన బూడిదనుండి తీయు క్షారము. మన పెద్దలెరిగిన చవుడు మన్ను దానికి దగ్గర చుట్టము. చాకలివారు బట్టలను చవుటి నీళ్లలో ముంచి, ఉబ్బ వేసి, తెల్లవారుజామున బండమీద ఉదుకుట మీలో వయసు మళ్లినవారు చూచియున్నారు. హెబ్రీ భాషలో చాకలివానికి వాడిన మాటలో కాళ్లతో త్రొక్కువాడను భావమున్నది. త్రొక్కుట, ఉడికించుట, బాదుట, పిండుట! ఆయన రాకను సహించువారెవరని ప్రవక్త ఊరకనే అడుగలేదు. మనమైతే ఆ వచనము చదివి, సువాసనగల సబ్బును తలంచుకొని సంతోషింతుము.

మన పొలములోని ప్రత్తినే చూడుడి. దూది తెల్లనిది గాని గింజనుండి తీసిన ముడినూనె నల్లని యెఱుపు. గింజలోనున్న గాసిపాల్ అను పదార్థము అందుకు ముఖ్య కారణము. దానిని వడకట్టి చూచినను, ఎండబెట్టి చూచినను మనము తినదగిన తేట నూనె రాదు. మిల్లులో దానికి కాస్టిక్ సోడా నీళ్లు పట్టింతురు. అప్పుడు రంగును, చెడిన కొవ్వును మడ్డియై క్రిందికి దిగిపోవును. లేత రంగు నూనె పైకి తేరును. చేతిని కాల్చునదే నూనెను తేటపరచును. అంతకన్న వింత, ఆ మడ్డినికూడ పారవేయరు. దానితోను సబ్బు చేయుదురు. దేవుడు మనలోనుండి విడదీయు మడ్డి సంగతి నేను ఎక్కువగా చెప్పజాలను గాని, పేతురు బొంకును, పౌలు హింసించిన దినములును తరువాత ఎందరిని కడుగుటకు పనికివచ్చెనో మీరే తలంచుకొనుడి.

ఇప్పుడు నా సిగ్గు చెప్పుకొనవలెను.

రెండవమారు సబ్బు చేసినప్పుడు ఖర్చు తగ్గించుటకై సగము వేరుసెనగ నూనె కలిపిరి. మరుసటి దినము పెట్టె విప్పగా పైభాగమంతయు మంచువలె తెల్లగా నుండెను. నేను ఒక బిళ్ల తీసి అందరికి చూపి, "చూచితిరా, పొడి లేకుండ ఎంత తెల్లనైనదో" అని పొగడితిని. అక్కడ ఒక పెద్దమ్మ కూర్చుండి యుండెను. ఆమె ఆ బిళ్ల తీసికొని బొటనవ్రేలి గోటితో గీకెను. క్రింద పసుపు కనబడెను. "అయ్యగారండీ, ఇది సున్నమండీ. సబ్బు లోపలుంది" అనెను. అందరు నవ్విరి, నేనును నవ్వితిని.

తరువాత విచారింపగా తెలిసినదేమనగా, పైన ఇంకను సబ్బుగా మారక మిగిలిన క్షారము గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లని పొడిగా పేరుకొనునట. అది చాకలి సోడా జాతిది. హాని లేదు, గీకివేయవచ్చును. పోసిన వెంటనే పైన కప్పి ఒకటి రెండు దినములుంచినయెడల అంతగా రాదు. కాని అది సబ్బు తెలుపు కాదు. పని ఇంకను ముగియలేదనుటకు గురుతు. నీలిమందు సంగతియు ఇట్టిదే. అది పాత బట్టలోని పసుపును తీయదు. మన కంటిని మభ్యపెట్టును, అంతే.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ప్రభువు పరిసయ్యులను సున్నము కొట్టిన సమాధులతో పోల్చిన సంగతి (మత్తయి 23:27) నేను ఎన్నిమారులో బోధించియున్నాను. ఎల్లప్పుడు ఎదుట కూర్చున్నవారినిగూర్చియే బోధించితిని.

2020లో కరోనా వచ్చినప్పుడు మన ప్రభువు బల్లయొద్ద ఒక్క పాత్రను మాని, ఎవరికి వారికి చిన్న గిన్నెలు పెట్టితిమి. అది న్యాయమే, అంటురోగములో మరి యేమి చేయగలము? రోగభయము తగ్గినది. గిన్నెలు మాత్రము పోలేదు. మరల పాత్ర పెట్టుదమని నేననగానే ఒక పల్లె పెద్దలు చీకటిపడిన తరువాత నా యింటికి వచ్చి, "చిన్న గిన్నెలే శుభ్రమండీ, అట్లాగే ఉండనివ్వండి" అనిరి. ఏ పల్లె పెదవులు తాకిన పాత్రను ఏ పల్లెవారు తాకనొల్లరో నాకు తెలియును, మీకును తెలియును, వ్రాయనక్కరలేదు. నేను మరుసటి ఆదివారము ఆరోగ్యమునుగూర్చి చక్కగా ప్రసంగించి, గిన్నెలు ఉంచివేసితిని. సంఘము ఎంతో సమాధానముగా ఉన్నదని పైవారికి నివేదిక వ్రాసితిని. ఆ సమాధానము బిళ్లమీది తెలుపే. నన్ను గీకి చూపిన పెద్దమ్మ ఏ పల్లె మనిషియో ఊహించుకొనుడి. ఆమె ఏనాడును ఆ గిన్నెలనుగూర్చి ఒక్క మాట అనలేదు.

చిన్న గిన్నెలు వాడు సంఘములను నేను తప్పుపట్టుట లేదు. ఎన్నో మంచి సంఘములు వాడుచున్నవి. గిన్నెలో పాపము లేదు. దానిని నేను ఏల ఉంచితినో అందులో ఉన్నది.

పేతురును చూడుడి. యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట దిగియుండి, అక్కడనే దర్శనము చూచెను (అపొ. కార్య. 10). తోలు ఊరవేయు వాసన పీల్చుచు ఆ ఇంట తినినవాడు, అంతియొకయలో కొందరు వచ్చుసరికి భయపడి అన్యజనుల పంక్తి విడిచి ప్రక్కకు తొలగెను (గలతీ. 2:11–14). అతనికి ఉపదేశము తెలియక కాదు, మనుష్యుల మొగములు చూచి. పౌలు అతనిని చాటున మందలింపలేదు, అందరియెదుట నిలువదీసెను.

మన దేశపు సంగతియు కొంత చెప్పవలెను. ఒంగోలులో క్లౌ దొరగారి పనియొక్క తొలిదినములలో పెద్ద కులములవారు కొందరు, మాదిగలను చేర్చుకొనినయెడల తాము రామని తెలిపిరి. దొరగారును దొరసానిగారును వేర్వేరుగా ప్రార్థించి వేదము తెరవగా, ఇద్దరికిని 1 కొరింథీ మొదటి అధ్యాయములోని భాగమే, లోకములో తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకొనుటనుగూర్చినదే, దొరకెనని చెప్పుదురు. వారు మాదిగలను త్రోసివేయలేదు. తరువాత 1876–78 కరవు వచ్చినప్పుడు, ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగము గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను గాని, కూటికొరకు మతము పుచ్చుకొందురేమో యని ఆ దినములలో బాప్తిస్మము లియ్యక నిలిపివేసెను. పైకి తెలుపు కనబడవలెనని తొందరపడలేదు. కరవు పని ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినమున 2,222 మంది నీటిలోనికి దిగిరి. ఒకే యేరు, ఒకే నీరు. ఆ నీటిలో దిగినవారి మునిమనుమలు మనలో ఎందరో ఉన్నారు. వారు నీటినుండి లేచిన తరువాత మనము ఈ పాత్రయొద్ద ఆగిపోతిమి.

మలాకీ 3వ అధ్యాయము 3వ వచనము మరల చదువుడి. ఆ అగ్నియు ఆ సబ్బును మొదట ఎవరిమీద పనిచేయును? దొంగలమీద కాదు, త్రాగుబోతులమీద కాదు. లేవీ కుమారులమీద. అనగా బలిపీఠముయొద్ద నిలుచువారిమీద, నావంటివారిమీద. నేను ఇరువది యేండ్లుగా ఈ భాగము బోధించుచు ఆ మాటను దాటిపోయితిని.

కాస్టిక్ సోడా సరియైన పాళ్లలో పడి పని ముగించినయెడల సబ్బులో కాస్టిక్ మిగులదు. చేతికి మంట పెట్టినది చేతిని కడుగునదిగా మారును. ఇంటి సబ్బులో గ్లిసరినుకూడ విడిపోక లోపలనే నిలిచి చేతిని మెత్తపరచును. పెద్ద కర్మాగారములలో చాలచోట్ల దానిని వేరుచేసి అమ్ముకొందురు. నూనెకు భయపడి సోడా తగ్గించినవాడు జిడ్డు చేయును, సబ్బు కాదు. నేను ఇన్నాళ్లు చేసినది జిడ్డే.

ఈ నెల మొదటి ఆదివారమున బల్లమీద ఒక్క పాత్రయే పెట్టితిని. ఎందుకు పెట్టితినో, గిన్నెలు ఎందుకు ఉంచితినో, పైన వ్రాసినదంతయు అక్కడ నిలువబడి చెప్పితిని. తొమ్మండుగురు లేచి వెళ్లిరి. వారిలో ఇద్దరు పెద్దలు. మిగిలినవారిలో ఎవరు ముందు వత్తురో యని నేను పాత్ర పట్టుకొని చాలసేపు నిలుచుంటిని. చివరకు ఆ పెద్దమ్మ వచ్చి త్రాగెను. ఆమె వెనుక రెండవ పల్లెనుండి, ఇంకను పెండ్లి కాని ఒక యౌవనుడు వచ్చి, పాత్ర తుడువనియ్యక త్రాగెను. తరువాత తక్కినవారు వచ్చిరి. వెళ్లినవారి ఇండ్లకు ఆ వారములో తిరిగితిని. కొందరు మంచినీళ్లిచ్చిరి, కొందరు తలుపు తీయలేదు. మరల వెళ్లుదును. మీరు వారిని నిందింపక ప్రార్థించుడి. వారిని అట్లుండనిచ్చినవాడను నేను.

వచ్చే శనివారము ఉదయము ఎనిమిది గంటలకు గుడి ఆవరణలో సబ్బు మరల చేయబడును. ఈమారు కొబ్బరినూనెయే. రెండు పల్లెల స్త్రీలును ఒక్కచోటనే చేయుదురు. వచ్చువారు స్టీలు గిన్నె, పాత గుడ్డలు తెచ్చుకొనవలెను. పెట్టెమీద కప్పుటకు ఒక దుప్పటి ఎవరైనను ఇచ్చినయెడల మేలు.