ముల్లును తీసిన ముల్లు

ముల్లును ముల్లుతోనే తీయాలన్నది తెలుగువారికి చిరపరిచితమైన సామెత. కాలిలో దిగిన ముల్లు బయటికి వచ్చిన తరువాత రెండు ముళ్ళనూ పారవేయడం ఆనవాయితీ. తీసిన ముల్లుకు ప్రాణముండి, అది పారవేయడానికి లొంగకపోతే ఏమి చేయాలన్న ప్రశ్న సామెతలో లేదు. కలుపు మొక్కలను అణచడానికి పరదేశాల నుంచి కీటకాలను రప్పించి అడవుల్లోనూ బీళ్ళలోనూ విడిచిపెట్టే విధానం ఆ ప్రశ్ననే ముందుకు తెస్తుంది.

ఈ విధానానికి భారతదేశంలో సుదీర్ఘ చరిత్ర ఉంది. 1795లో రియో డి జనీరో నుంచి కలకత్తాకు ఒక చిన్న పురుగు చేరింది. నాగజెముడు మీద బతికే కొచినీల్ పురుగు నుంచి ఎర్రరంగు తీసి, ఆ వ్యాపారంలో స్పెయిన్‌కు పోటీగా నిలవాలన్నది ఈస్టిండియా కంపెనీ ఆశయం. వచ్చినది మేలిరకం కాదు, దాని అడవిజాతి. రంగు పరిశ్రమ నిలదొక్కుకోలేదు. ఆ పురుగు వ్యాపించిన చోట్ల ఒక రకం నాగజెముడు మాత్రం నశించింది. ఇది గుర్తించి 1836-38 మధ్య దక్షిణ భారతానికి, 1860 దశకంలో సింహళానికి దానిని బుద్ధిపూర్వకంగానే తరలించారు. ఆ విధంగా ఒక వ్యాపార వైఫల్యం నుంచి ఒక శాస్త్రానికి బీజం పడింది.

ఆ శాస్త్రం సాధించిన విజయాలలో ఆస్ట్రేలియాది సుప్రసిద్ధం. అక్కడ క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రాలలో నాగజెముడు సుమారు 6 కోట్ల ఎకరాలను ఆక్రమించింది. సేద్యం సాగక ఎందరో భూములు విడిచిపోయారు. 1925లో అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే రెక్కల పురుగు గుడ్లను తెచ్చి, పెంచి, మరుసటి ఏడాది నుంచి పంచిపెట్టారు. దాని గొంగళి పురుగులు మొక్కను లోపలినుంచి తొలిచివేయగా, 1930ల తొలి సంవత్సరాల నాటికి ఆ ముళ్ళడవి కుళ్ళి కూలిపోయింది. బూనార్గాలో ప్రజలు ఆ పురుగు పేరిట స్మారక మందిరమే కట్టుకున్నారు.

అదే పురుగును 1957లో కరీబియన్ దీవి నెవిస్‌లో విడిచారు. 1989 నాటికి అది అమెరికాలోని ఫ్లోరిడాలో కనిపించింది. అక్కడి నాగజెముళ్ళు కలుపు కావు. ఆ నేలలోనే పుట్టినవి, కొన్ని మిక్కిలి అరుదైనవి. ఆవలనున్న మెక్సికోలో ఆ మొక్క కూర, పండు, పశువుల మేత. జాతీయ చిహ్నంలోనూ దానికి స్థానముంది. 2006లో తన దీవిలో కనబడిన ఆ పురుగును మెక్సికో ఎంతో శ్రమించి నిర్మూలించవలసి వచ్చింది. పురుగు ఎక్కడా తన ధర్మం తప్పలేదు. కలుపు అన్నది మనిషి పెట్టిన పేరు. సరిహద్దు దాటితే ఆ పేరు మారుతుంది, పురుగు ఆకలి మారదు.

ఒకే దేశంలోనైనా ఆ పేరు అందరికీ ఒకటి కాదు. దక్షిణ మడగాస్కర్‌లోని పశుపాలకులకు నాగజెముడే కంచె, కరవు కాలంలో పశువులకు మేత, తమకు ఆహారం. ఫ్రెంచి పాలనలో 1920లలో ప్రవేశపెట్టిన కొచినీల్ పురుగు ఆ మొక్కను కొద్ది సంవత్సరాలలోనే తుడిచిపెట్టింది. పశువులు చచ్చాయి, కరవు కమ్ముకున్నది. నిర్ణయం ఒకరిది, ఆకలి మరొకరిది అయింది.

స్వతంత్ర భారతంలో ఇటువంటి వివాదం వయ్యారిభామ విషయంలో తలెత్తింది. 1950లలో పుణెలో గుర్తింపుకు వచ్చిన ఈ మొక్క బీళ్ళనూ దారులనూ ఆక్రమించి, చర్మవ్యాధులకూ ఉబ్బసానికీ కారణమైంది. 1983లో మెక్సికో నుంచి తెచ్చిన పెంకుపురుగును పరీక్షించి 1984లో బెంగుళూరు పరిసరాలలో విడిచారు. కొన్నేళ్ళకు అది పొద్దుతిరుగుడు చేలలో కనిపించడంతో అలజడి రేగింది, విచారణ జరిగింది, పంటకు చెప్పుకోదగిన ముప్పు లేదని తేలింది. పొద్దుతిరుగుడు పక్షాన మాట్లాడటానికి రైతులున్నారు. సంతలో వెలలేని అడవిమొక్క పక్షాన ఎవరున్నారు? 1960ల చివర ఉత్తర అమెరికాలో ఒక ముళ్ళకలుపు మీదికి విడిచిన ఐరోపా ముక్కుపురుగు స్వదేశీ మొక్కలనూ తినగలదని ముందే తెలుసు. వాటి విలువను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 1990లలో చూడగా అది జాతీయ ఉద్యానవనాలలోని స్వదేశీ మొక్కల పూలలో చేరి గింజలను తింటున్నది.

అట్లని చేతులు ముడుచుకొని కూర్చోవడం నిర్దోషిత్వం కాజాలదు. లాంటానా కమ్మిన అడవిలో గడ్డి మొలవదు. గుర్రపుడెక్క కప్పిన చెరువులో చేపకు గాలి అందదు. కూలీలచేత పెరికించడం అంతులేని పని. మందులు చల్లితే నీరు విషమవుతుంది. తగిన పురుగు దొరికితే కలిగే మేలు అపారం. 1980లలో కేరళ జలాలను కమ్మిన సాల్వీనియాను అదుపులోకి తెచ్చినది ఒక ముక్కుపురుగే.

కాబట్టి ఈ పని ఏ షరతుల మీద చేయాలన్నదే విచారించవలసిన విషయం. ప్రభుత్వ ఉత్తర్వును రద్దు చేయవచ్చు. విడిచిన పురుగును వెనక్కి పిలవలేము. వెనక్కి తీసుకోలేని నిర్ణయానికి మామూలు లాభనష్టాల లెక్క చాలదు. పంటలతోపాటు పనికిరావనుకున్న అడవిమొక్కల మీదా పరీక్షలు జరగాలి. మొక్కతో బతుకు ముడిపడినవారి మాట ముందే వినాలి. పురుగుకు సరిహద్దులు లేవు గనుక పొరుగు దేశాలకూ తెలియజేయాలి. విడుదల జరిగిన రోజుతో పథకం ముగిసిందని ఫైలు మూయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నిధులు కొన్నేళ్ళలో ముగుస్తాయి; పురుగు తరతరాలుగా తింటూనే ఉంటుంది. దానిని కనిపెట్టి ఉండే బాధ్యత కూడా అంతకాలమూ సాగాలి. పారవేయలేని ముల్లును చేతబట్టినవారికి అది తప్పదు.