పూర్తి లెక్క

పీకల్దాకా అప్పుల్లో ఉన్న మనిషి తన బాకీ మొత్తం ఎంతో ఎవరికీ చెప్పడు. భార్యకు బ్యాంకు లోను సంగతి తెలుసు. బావమరిదికి తానిచ్చిన చేబదులు తెలుసు. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చిన ఆసామికి తన నోటు తెలుసు. క్రెడిట్ కార్డు మీద గీకింది, ఫోన్‌లో యాప్ ఇచ్చింది ఎవరికీ తెలియదు. అన్నీ కలిపి కూడటం అతనూ చేయడు. కూడితే ఏ అంకె తేలుతుందోనని భయం.

ఆ భయం చాటునే బాకీ పెరుగుతుంది. మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి ఏమీ కట్టలేకపోతే, మూడేళ్లకు వడ్డీయే 1,08,000 అవుతుంది. కాలదోషం పట్టకుండా నోటు తిరగరాసేటప్పుడు అసలు కింద 2,08,000 పడుతుంది. సంతకం పెట్టినవాడు మాత్రం ఆ పూటకు గండం గడిచిందనుకుంటూ ఇంటికెళతాడు.

జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పరిగెత్తే మనం అప్పులు మీదపడితే వకీలు గడప తొక్కం. సుమతీ శతకకారుడు ఊళ్లో ఉండాల్సినవాళ్లను చెబుతూ అప్పిచ్చేవాణ్నీ వైద్యుణ్నీ పక్కపక్కనే పెట్టాడు. అప్పు చిక్కు విప్పేవాణ్ని కూడా ఆ వరసలో చేరిస్తే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

న్యాయవాది అయిన నా మిత్రుడొకాయన, అప్పుల బాధతో వచ్చినవాళ్ల చేతికి ముందుగా ఒక తెల్లకాగితం ఇస్తాడు. ఎవరికెంత, ఎప్పుడు తెచ్చింది, దేని మీద సంతకం పెట్టింది, హామీ ఎవరు, అన్నీ రాయమంటాడు. పేరు చెప్పకుండా ఆయన ఒక బట్టల కొట్టు యజమాని సంగతి చెప్పాడు. బ్యాంకు, చిట్టీ, ఫైనాన్సు, హోల్‌సేల్ బాకీ చకచకా రాసేశాడట. "ఇంకేమైనా ఉన్నాయా అండీ?" అంటే లేవన్నాడట. కాగితం తిరిగి ఇవ్వబోయి ఆగి, అట్టడుగున చిన్న అక్షరాలతో "అక్క గాజులు, నాలుగు" అని రాశాడట. తాకట్టులో ఉన్న ఆ గాజుల గురించి అక్క ఎన్నడూ నోరు తెరిచి అడగలేదు. కొట్టు ముందు నిలబడి కేకలేసే ఫైనాన్సు మనిషికి మాత్రం ప్రతి వారం ఎంతో కొంత ముడుతూనే ఉంది.

గుట్టుగా నెట్టుకొస్తున్నంతకాలం జరిగేది ఇదే. గొంతున్నవాడికి ముందు, మొహమాటపడేవాడికి ఆఖరున. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ఈ పద్ధతికే అడ్డం పడుతుంది. దివాలాదారుగా ప్రకటించాక అతని ఆస్తి రిసీవరు చేతికి వెళుతుంది. ముందు తీర్చాల్సిన కొన్ని బాకీలు పోను, మిగిలింది తాకట్టు లేని అప్పులవాళ్లందరికీ దామాషా ప్రకారం పంచుతారు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో, మిగతావాళ్లను కాదని ఒక్కడికే మేలు చేయాలని కట్టిన సొమ్ము ఉంటే దాన్నీ రద్దు చేయవచ్చు. అరుపులకు అక్కడ విలువ లేదు.

అయినా ఊళ్లో "ఐపీ పెట్టాడు" అంటే ముంచేశాడనే లెక్క. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. పొలం భార్య పేర, ఇల్లు మేనల్లుడి పేర రాసేసి కోర్టుకెక్కినవాళ్లు ఉన్నారు. కూతురి పెళ్లికని దాచుకున్న సొమ్ము అలా పోగొట్టుకున్న రిటైర్డు టీచరు కడుపుమంటకు ఏ సెక్షనూ జవాబు చెప్పలేదు. కానీ ఆ మోసగాడికీ, ఉన్నదంతా చూపించి చేతులెత్తేసినవాడికీ ఒకే ముద్ర వేస్తే, రెండోవాడు కోర్టు మెట్లెక్కడానికి జంకుతాడు. కంపెనీ దివాలా తీస్తే బిజినెస్ పేజీలో వార్త, మనిషి దివాలా తీస్తే వీధి వీధంతా చర్చ. 2016 దివాలా చట్టంలో వ్యక్తుల కోసం కొత్త భాగం రాసుకున్నా, కంపెనీల అప్పుకు హామీ ఉన్నవాళ్లకు తప్ప మామూలు మనుషులకు అది అమల్లోకి రాలేదు.

పాత చట్టాల్లోనూ దయ ఉంది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తివాడి పనిముట్లు, రైతుకు సేద్యానికి తప్పనిసరైన పశువులు, విత్తనాలు జప్తు చేయకూడదు. తీర్చే శక్తి లేని పేదవాణ్ని బాకీ కోసం జైల్లో పెట్టడం తగదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. పరువుకు అలాంటి మినహాయింపుల జాబితా ఏదీ లేదు. అది నిద్రనూ, తిండినీ, పిల్లలతో నవ్వే నవ్వునూ జప్తు చేసుకుంటుంది. కొందరి విషయంలో ప్రాణం దాకా వస్తుంది. చట్టం వదిలేసినవాటిని కూడా మనకు మనమే లాగేసుకుంటాం.

అందుకే ఆ జాబితా తెలిసిన పరాయి మనిషి కావాలి. బంధువు జాలిపడతాడు, లేదా తప్పుపడతాడు. వకీలు కాగితాలు చూస్తాడు. ఏ నోటుకు కాలదోషం పట్టింది, ఏ బ్యాంకును సెటిల్‌మెంట్ అడగవచ్చు, ఏది లోక్ అదాలత్‌లో తేలుతుంది అనేవి ఆయన చూసే పనులు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పిన సంగతి కూడా చాలామందికి అలాంటివాళ్ల దగ్గరే తెలుస్తుంది. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసహాయం ఉచితం. ఫోన్ నంబరు 15100. మనసు చెదిరినప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ 14416 ఉంది. "మీ అప్పు సగానికి తెగ్గొట్టిస్తాం, ముందు మా ఫీజు కట్టండి" అని ఫోన్ చేసేవాళ్లు మాత్రం ఈ కోవలోకి రారు.

తీసుకున్నది తీర్చడం ధర్మమని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. తీర్చలేనప్పుడు, ఇంకో నోటు మీద సంతకం పెట్టకముందే ఆ మాట చెప్పడమూ ధర్మమే. పూర్తి లెక్క చెప్పినంత మాత్రాన అప్పు రూపాయి కూడా తగ్గకపోవచ్చు. తన మౌనం ఎవరి నోరు కొడుతోందో ఆ మనిషికి తెలుస్తుంది.