కర్రకు ముందు పాలబాస

అమ్మీ,

మీ అన్న దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరంలో ఫోన్లో తీసుకొచ్చిన వీడియోను నువ్వు కోసి అతికించి పంపినావు, చూసినాను. దాని కిందనే మీ నాయన మెసేజీ: "పిల్ల పీజీలో ఎడిటింగే చదువుతానంటాంది, నువ్వే చెప్పన్నా." హైదరాబాదులో న్యూస్ చానెల్ ఎడిటింగ్ గదిలో తల నెరిసిన పెద్దనాయనను కాబట్టి నా మాట వింటావని వాడి ఆశ. వద్దని చెప్తానని కూడా కొంచెం ఆశ ఉండొచ్చు.

నేను చదవమనే చెప్తాను. దేనికి చదవాలో తెలుసుకొని పో, అంతే.

సాఫ్ట్‌వేర్ కోసమైతే ఇల్లు కదలనక్కర్లేదు. ప్రీమియర్ ప్రో అయినా, ఉచితంగా దొరికే డావిన్చీ రిజాల్వ్ అయినా కొన్ని నెలలు కూర్చుంటే చేతికి వస్తాయి. పాట తాళానికి సరిగ్గా ముక్కలు కోసిపెట్టే యాప్ నీ ఫోన్లోనే ఉంది. నీ వీడియో కూడా దాదాపు అట్లనే ఉంది, కోపం తెచ్చుకోవద్దు. మొదటి షాట్‌లోనే కర్రలు లేచినాయి, చివరి షాట్‌లోనూ కర్రలే. టీవీలోనూ ఏటా ఇదే. పొద్దున బులెటిన్‌కు అర నిమిషం బొమ్మ కావాలి, అర నిమిషంలో కర్ర కంటే గట్టిగా అరిచేది ఇంకేముంటుంది?

కానీ మనకు తెలుసు కదా. కర్రలు లేవకముందు పాలబాస ఉంది. దైవకార్యంలో అందరం ఒక్కటిగా ఉంటామని నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు పాలు ముట్టి ప్రమాణం చేస్తారు. అర్ధరాత్రి కొండ మీద మాళమ్మకూ మల్లేశ్వరస్వామికీ కల్యాణం అయితేగాని ఉత్సవమూర్తులు కిందికి దిగవు. దిగినాక ఆ మూర్తుల కోసమే కర్రలు లేస్తాయి, ఆ మూడూళ్లూ ఒక పక్క, అరికెర, సుళువాయి, ఎల్లార్తి లాంటి ఊళ్లు ఇంకో పక్క. దారిలో స్వామి సేవకుడు గొరవయ్య తన తొడ నుంచి స్వామికి నెత్తురు అర్పించేది, దెబ్బ తగిలినవాళ్లు దాని మీద బండారు పసుపు అద్దుకొని మళ్లీ నడిచేది, తెల్లవారుజామున బసవన్న గుడి దగ్గర రాబోయే కాలం చెప్పే కార్ణికం కోసం జనం ఊపిరి బిగబట్టేది, ఇవేవీ నీ రెండు నిమిషాల్లో లేవు. మీ అన్న తీయలేదా, తీసినా నువ్వు పారేసినావా?

వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖం షాట్ ఒకటే తీసుకొని, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఆడమనిషి పక్కన అతికించినాడంట. చూసినవాళ్లు ఆ ముఖంలో ఆకలి ఉందన్నారు, దుఃఖం ఉందన్నారు, కోరిక ఉందన్నారు. ముఖం మాత్రం అదే. ఏ సినిమా బడిలో చేరినా మొదట్లోనే ఈ కథ చెప్తారు, పిల్లలు పరీక్షలో రాసి మరిచిపోతారు. నువ్వు దాన్ని మన గట్టు మీద చేసి చూడు. దివిటీ వెలుగులో కర్ర ఎత్తిన మనిషి షాట్ ఒకటి తీసుకో. దానికి ముందు పాలబాస పెట్టు. తీసేసి పోలీసులు కర్రలు గుంజుకునే షాట్ పెట్టు. అదీ తీసేసి కల్యాణం పెట్టు. ఆఖరికి ఆదోని ఆసుపత్రిలో తలకు కట్టు కట్టించుకుంటున్న మనిషిని పెట్టు. మొదట మాట నిలబెట్టుకునేవాడు కనిపిస్తాడు, ఆ తరువాత నేరస్తుడు, ఆ తరువాత భక్తుడు, చివరికి తన మనిషికే దెబ్బ వేసినవాడు. నాలుగూ అబద్ధాలు కావు. ఏటా పదుల మందికి దెబ్బలు తగులుతాయి, ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి. మన ఊరి పరువని ఆసుపత్రి షాట్ దాచినా తప్పే, చూసేవాళ్లు పెరుగుతారని పాలబాస తీసేసినా తప్పే. దేని పక్కన ఏది పెడుతున్నావో, ఎందుకు పెడుతున్నావో చెప్పగలగడమే ఈ చదువు.

ఇంకొకటి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీకి 25. కర్ర లేచిన షాట్‌కూ తలలు వంగిన షాట్‌కూ మధ్య మూడు నాలుగు ఫ్రేములు లాగేస్తే తగలని దెబ్బ కూడా తగిలినట్టే కనిపిస్తుంది. నీ వీడియోలో అట్లాంటివి నేను రెండు పట్టుకున్నాను. సరదాకు చేసినావని తెలుసు. ఆ దెబ్బ వేసినట్టు కనిపించిన మనిషి ఏ ఊరివాడో గుర్తుపట్టేవాళ్లు మన పక్క చాలామంది ఉన్నారు.

ఇక బడులు. పూణెలో 1960లో ప్రభాత్ స్టూడియో స్థలంలో పెట్టిన ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, కలకత్తాలో 1995లో వచ్చిన సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, రెండూ కేంద్ర ప్రభుత్వానివి. రెండింట్లోనూ సినిమా ఎడిటింగ్ మూడేళ్లు. పూణెలో టీవీ విభాగం వీడియో ఎడిటింగ్ ఒక్క ఏడాదే. ఏ డిగ్రీ అయినా సరిపోతుంది కాబట్టి నీ బీకాం అడ్డం కాదు. రాత పరీక్ష, తరువాత ఇంటర్వ్యూ, సీట్లు పదికి అటూ ఇటూ. చెన్నైలో ప్రభుత్వ బడి, ఎల్.వి. ప్రసాద్ అకాడమీ ఉన్నాయి, హైదరాబాదులో ప్రైవేటువి ఉన్నాయి. వాటిలో చేరే ముందు రంగురంగుల పుస్తకం చూడొద్దు, ఎవరు చెప్తారో, ఎడిటింగ్ గది రోజుకు ఎన్ని గంటలు నీకిస్తారో అడుగు.

నన్నడిగితే మూడేళ్లదే. ఒక్క ఏడాదిలో పని వస్తుంది, ఉద్యోగమూ దొరుకుతుంది, కానీ నీ కట్ తప్పని నలుగురు చెప్పేంత తీరిక దొరకదు. న్యూస్ చానెల్లో అయితే అసలే దొరకదు, తప్పో ఒప్పో పది నిమిషాల్లో ప్రసారమైపోతుంది.

బడి లేకుండా ఎంతోమంది గొప్పవాళ్లు కాలేదా అని మీ నాయన అడుగుతాడు. అయినారు. శ్రీకర్ ప్రసాద్ గారు సాహిత్యంలో డిగ్రీ చేసి, ఎడిటర్ అయిన తండ్రి అక్కినేని సంజీవి గారి దగ్గర పని నేర్చుకున్నారు, ఎనిమిదికి తక్కువ కాకుండా జాతీయ అవార్డులు తెచ్చుకున్నారు. మార్తాండ్ కె. వెంకటేశ్ గారి తండ్రీ ఎడిటరే. మన ఇంట్లో సంజీవి గారు లేరమ్మీ, పత్తి చేను ఉంది. ఆ ఎడిటింగ్ గది పుట్టుకతో దొరకనివాళ్లకు దాన్ని ప్రభుత్వం పూణెలో కట్టిపెట్టింది, పోయి కూర్చో. ఆడపిల్లకు రాత్రిళ్లు పని అంటాడు. రేణు సలూజా పేరు చెప్పు. 1976లో అదే బడిలో చదువు ముగించి, 'పరిందా' సినిమాతో మొదలుపెట్టి ఎడిటింగ్‌కు నాలుగు జాతీయ అవార్డులు గెలుచుకుంది. దూరమంటాడు. ఆదోని స్టేషన్లో బొంబాయి బండి ఎక్కితే రాయచూరు, వాడి, సోలాపూర్ మీదుగా నేరుగా పూణెనే. కలకత్తాకు అట్ల చెప్పలేను.

పరీక్ష వచ్చేలోపల ఒక పని చెయ్. ఎమ్మిగనూరులో ఒక మగ్గం దగ్గర గాని, ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వేలం దగ్గర గాని ఒక పగలంతా తీయించు. కెమెరా నువ్వు పట్టొద్దు, మీ అన్నకే ఇయ్యి. ఎండలో ఎంత కష్టపడి తీసినాడో చూసినవాళ్లకు ఆ షాట్ పారేయబుద్ధి కాదు, చూడనివాళ్లే ఎడిటర్లు కావాలి. పాట పెట్టకుండా, వెనక గొంతు లేకుండా మూడు నిమిషాలు చెయ్. చప్పుడు ముందు వినిపించి, మనిషిని తరువాత చూపించు. నీకు తెలుగూ కన్నడమూ రెండూ తెలుసు, యార్డులో ఒకే బేరం రెండు భాషల్లో నడుస్తుంటే ఎక్కడ కోయాలో నీ చెవికి తెలిసినంత పూణె పిల్లకు తెలియదు. ఇంగ్లీషు మాత్రం రోజూ కాస్త చదువు, పుస్తకాలన్నీ అందులోనే ఉంటాయి.

ఫీజు ఏటా మారుతుంది, నోటిఫికేషన్ వచ్చినాక రిజర్వేషన్, స్కాలర్‌షిప్ నిబంధనలు కూడా చదివి నాకు పంపు. బ్యాంకు లోను సంగతి మీ నాయనతో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో దూరొద్దు. పరీక్ష కేంద్రం హైదరాబాదు పడితే మా ఇంట్లోనే దిగు, మీ పెద్దమ్మకు ఇప్పుడే చెప్పినాను.