లెక్క చెప్పుట అవమానమా?

ఉమ్మడి కుటుంబంలో పెరిగినవారికి ఒక సన్నివేశం పరిచితమై ఉంటుంది. పెద్దన్న ఇరవై ఏండ్లుగా ఇంటి వ్యవహారం చూస్తున్నాడు. పొలం మీది రాబడి, పెండ్లిళ్ళ ఖర్చు, శిస్తు, కూలి, అన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతవి. ఒకనాడు తమ్ముడు గొంతు తగ్గించి, "అన్నయ్యా, ఈ ఏటి ధాన్యం డబ్బు ఏమైనది?" అని అడుగుతాడు. అన్న ముఖం నల్లబడుతుంది. "ఇన్నేండ్లు నమ్మినవాడివి, ఇప్పుడు నమ్మలేకపోయినావా?" అంటాడు. ఆ పూట ఆయన విస్తరి ముందు కూర్చోడు. తమ్ముడు అడిగినది లెక్క. అన్నకు వినిపించినది నింద.

ఈ అపార్థం ఇంటితో ఆగితే దానిని గురించి వ్యాసం వ్రాయవలసిన పని లేదు. కాని ఒక ప్రభుత్వశాఖ ఖర్చును గురించి పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడు కూడ సరిగా ఇదే జరుగుతున్నది. సభ్యుడు లెక్క అడుగుతాడు. మంత్రి తన నిజాయితీని గురించి సమాధానం చెపుతాడు. అడిగినది ఒకటి, చెప్పినది మరొకటి. కనుక మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇది: సదుద్దేశంతో, స్వార్థం లేక, పరుల సొమ్ము ఖర్చు పెట్టినవానికి లెక్క చెప్పవలసిన బాధ్యత ఉన్నదా? ఉన్నదంటే, ఆ బాధ్యత అతని గౌరవానికి భంగమా?

ఈ ప్రశ్నకు తెలుగుదేశంలోనే ఒక గొప్ప దృష్టాంతం ఉన్నది. 17వ శతాబ్దంలో కంచెర్ల గోపన్న గోల్కొండ ప్రభుత్వం కింద పాల్వంచ తహసీలుదారుగా ఉన్నాడు. ప్రభుత్వానికి చేరవలసిన పైకాన్ని భద్రాచలంలో రామాలయానికి వెచ్చించినాడని, అందుకు తానీషా ఆయనను కోటలో చెరపెట్టినాడని మనం వింటూ వచ్చినాము. గోపన్న తనకని ఒక్క కాసు మిగుల్చుకున్నాడని శత్రువు కూడ అనలేదు. ఆయన బాధను తలచుకొని మూడు శతాబ్దాలుగా ప్రజలు కన్నీరు పెడుతున్నారు, అది న్యాయమే. అయితే ఐతిహ్యంలోని చివరి ఘట్టాన్ని మనం అంత శ్రద్ధగా చూడము. శ్రీరాముడు లక్ష్మణసమేతుడై వచ్చి తానీషా ఎదుట ఆరు లక్షల మొహరీలు కుప్పపోసినాడు. అంతటితో అంతర్ధానం కాలేదు. రసీదు అడిగి తీసుకున్నాడు. భక్తుణ్ణి విడిపించడానికి వచ్చిన భగవంతుడు ఖజానా బాకీ లేదని వాదించలేదు. బాకీ చెల్లించి, చెల్లించినట్లు కాగితం పుచ్చుకున్నాడు. ఈ కథను అల్లుకున్న జనహృదయానికి ఒక సూక్ష్మం తెలుసు: ఖర్చు ఎంత పవిత్రమైనదైనా లెక్క లెక్కే.

మన గణతంత్రంలో బాకీ తీర్చడానికి రాముడు రాడు. తీర్చేవాడు పన్ను కట్టేవాడే. సంతలో ఒక సబ్బుబిళ్ళ కొనుక్కున్న కూలిమనిషి ఆ ధరలోనే రాజ్యానికి తన భాగం చెల్లిస్తున్నది. ఆ సొమ్ము ఏ శాఖకు చేరినదో, ఏ గుత్తేదారు చేతిలో పడినదో ఆమెకు తెలియదు. అడగడానికి ఢిల్లీకి పోలేదు. ఇంటిలో లెక్క అడిగే తమ్ముడు అన్న ఎదుటనే ఉంటాడు. రాజ్యంలో సొమ్ము గలవాడు ఎప్పుడూ పరోక్షంలోనే ఉంటాడు. పార్లమెంటు అడిగే లెక్క ఆ పరోక్షంలో ఉన్నవారి పక్షాన అడిగే లెక్క. అది ఎదుటివాని మీద అనుమానం కాదు. ఎదుట లేనివారి మీద గౌరవం.

మన రాజ్యాంగం ఈ భావానికి ఒక నిర్మాణం కల్పించినది. శాసనానుసారంగా తప్ప సంచిత నిధి నుండి ఒక్క రూపాయి తీయరాదు. తీసిన రూపాయిని పరీక్షించడానికి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఉన్నాడు. ఆయన జీతాన్ని పార్లమెంటు ఓటుకు కూడ లోబరచలేదు. తనిఖీ చేసేవాని అన్నం ఎవరి చేతిలోనూ ఉండరాదని దాని భావం. రాజ్యాంగం ఏర్పరచిన ఉద్యోగులందరిలో బహుశా ఇతడే ముఖ్యుడని 1949లో రాజ్యాంగ సభలో అంబేద్కర్ అభిప్రాయపడినారు. ఆయన నివేదికలను ప్రజాపద్దుల సంఘం విచారిస్తుంది. లోక్‌సభ నుండి పదిహేనుమంది, రాజ్యసభ నుండి ఏడుగురు అందులో సభ్యులు. మంత్రులకు ప్రవేశం లేదు. 1967 నుండి ప్రతిపక్ష సభ్యుణ్ణి అధ్యక్షుడుగా నియమించే సంప్రదాయం ఏర్పడినది. అధికారంలో ఉన్నవారు తమను ప్రశ్నించే పీఠాన్ని తమను ఓడించదలచినవారికి అప్పగించడం చిన్న సంగతి కాదు.

ఈ నిర్మాణంలో ప్రాణం ఉన్నదని దేశం మొదట గ్రహించినది ముంద్రా వ్యవహారంలో. 1957లో జీవితబీమా సంస్థ హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలను కోటి ఇరవై లక్షల రూపాయలకు పైగా వెచ్చించి కొన్నది. ఆ సొమ్ము పాలసీదారులది: ఉపాధ్యాయులది, గుమాస్తాలది, తాము పోయిన తరువాత పిల్లలు పస్తులుండకూడదని నెలనెలా మిగుల్చుకున్నవారిది. పెట్టుబడులను పరిశీలించవలసిన సంస్థ స్వంత సంఘాన్ని సంప్రదించకుండానే కొనుగోలు జరిగినది. ఆ ఏడు డిసెంబరులో లోక్‌సభలో ఈ విషయాన్ని బయటపెట్టినవాడు ప్రతిపక్షి కాదు. పాలకపక్షానికే చెందిన ఫిరోజ్ గాంధీ, ప్రధానమంత్రికి అల్లుడు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా 1958లో బహిరంగంగా విచారణ జరిపినారు. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి తన కార్యదర్శి చేసిన పనికి తాను బాధ్యుణ్ణి కానని చెప్పుకోదలచినారు. చాగ్లా ఆ వాదాన్ని అంగీకరించలేదు. మంత్రి ఫిబ్రవరిలో పదవి విడిచినారు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. కృష్ణమాచారి ఆ సొమ్ములో ఒక రూపాయి తీసుకున్నారని ఎవరూ అనలేదు. ఆయన దొంగ అయినందుకు పోలేదు. తన పేరిట జరిగినదానికి ఉత్తరవాది అయినందుకు పోయినారు. ఈ రెంటికీ గల భేదాన్ని గుర్తించలేని సమాజంలో లెక్క అడగడమంటే దొంగతనం మోపడమే అవుతుంది. అప్పుడు నిర్దోషులు కోపం తెచ్చుకుంటారు. దోషులు ఆ కోపం వెనుక దాగుకుంటారు.

అయితే రెండవ పక్షం కూడ వినదగినదే. 1956లో మన పరిపాలనను పరిశీలించిన అమెరికా నిపుణుడు పాల్ ఆపిల్‌బీ ఆడిటు పద్ధతిని, పార్లమెంటు ధోరణిని తీవ్రంగా విమర్శించినారు. లెక్కల తనిఖీ భయం వల్ల అధికారులు నిర్ణయాలకు వెనుదీస్తున్నారని ఆయన అభిప్రాయం. ఇది కొట్టివేయదగిన మాట కాదు. ఒక జిల్లాలో అతిసార వ్యాధి ప్రబలినదనుకొందాము. మందులు వెంటనే కొంటే టెండరు పిలవలేదని ఆక్షేపణ వస్తుంది. పిలిచి కొంటే మందు వచ్చేసరికి రోగి ఉండడు. ఆక్షేపణకు వెరచి చేయి కట్టుకొని కూర్చున్న అధికారి పద్దుపుస్తకం మచ్చలేకుండా ఉంటుంది. కాని చేయని పనికి, పోయిన ప్రాణానికి ఏ పద్దులో లెక్క వ్రాస్తాము?

కనుక లెక్క అడిగేవానికీ ఒక ధర్మం ఉన్నది. పొరపాటుకు, వంచనకు గల తేడాను అతడు పాటించవలెను. నిర్ణయం తీసుకొన్ననాడు అధికారికి తెలిసినదేమి, అతడు కారణం వ్రాసి ఉంచినాడా అని చూడవలెనే గాని, ఫలితం తెలిసిన తరువాత వచ్చిన వివేకంతో తూచరాదు. కారణం వ్రాసిపెట్టి, ఓడిపోయిన నిర్ణయాన్ని క్షమించవచ్చును. కారణం దాచిపెట్టి, గెలిచిన నిర్ణయాన్ని కూడ ప్రశ్నించవలెను. ఇట్లు జరిగితే లెక్క అధికారికి సంకెల కాదు, కవచం. అడిగేవారు లేని కచేరీలో నిజాయితీపరుడు, దొంగ ఒకే విధంగా కనబడుతారు, నష్టపోయేవాడు నిజాయితీపరుడే.

అంకెలు చెప్పేవానికి కూడ నియమం కావలెను. రెండవతరం టెలిఫోను తరంగాల కేటాయింపులో ఖజానాకు 1,76,000 కోట్ల రూపాయల వరకు నష్టం ఊహించవచ్చునని 2010లో ఆడిటు నివేదిక అంచనా వేసినది. ఆ అంచనాకు ఆధారమైన ఊహలను మరచి జనం అంకెను మాత్రమే పట్టుకున్నారు. 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దుచేసినది. 2017లో ప్రత్యేక న్యాయస్థానం నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టినది. ఈ రెండు తీర్పులు ఒకదానినొకటి ఖండించుకొనేవి కావు. పద్ధతి సరియైనదా అన్నది ఒక ప్రశ్న. నేరం రుజువైనదా అన్నది వేరొక ప్రశ్న. ఆడిటు నివేదికను తీర్పుగా చదివినవారు మొదట ఆవేశపడినారు, పిదప నిరాశపడినారు.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న పార్లమెంటునే అడగవలసి ఉన్నది. 1993లో శాఖల పద్దులను శ్రద్ధగా పరిశీలించడానికి స్థాయీసంఘాలు ఏర్పడినవి. అయినా గడువు ముగిసే వేళకు చర్చకు రాని పద్దులన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టే పద్ధతి ఉన్నది. ఫ్రాన్సు దేశపు శిరచ్ఛేద యంత్రం పేరిట దానిని గిలటిన్ అంటారు. 2018లోను, 2023లోను శాఖలన్నిటి పద్దులూ ఆ కత్తి కిందనే పోయినవి. సభ కోలాహలంలో ఉన్నది. దేశపు ఏడాది ఖర్చు చర్చ లేకుండా ఆమోదం పొందినది. తప్పు ఎవరిదని ఉభయపక్షాలు వాదించుకోవచ్చును. సబ్బుబిళ్ళ కొన్న కూలిమనిషికి ఆ వాదంతో నిమిత్తం లేదు. ఆమె తరఫున అడుగుతామని పోయినవారు అడగలేదు. లెక్క చెప్పకపోవడం ఎంత ధర్మలోపమో, అడగవలసిన స్థానంలో కూర్చుని అడగకపోవడం అంత ధర్మలోపం.

వివేకవంతుడు తన స్వంత సొమ్ము విషయంలో ఎంత జాగ్రత్త చూపుతాడో ప్రజల సొమ్ము విషయంలోనూ అంత చూపవలెనని మన ఆర్థిక నియమాలు చెపుతున్నవి. మంచిదే, కాని నాకు అది చాలదనిపిస్తుంది. తన సొమ్మును ఉదారంగా వెదజల్లడానికి మనిషికి హక్కు ఉన్నది. పరుల సొమ్ముతో ఉదారుడు కావడానికి ఎవరికీ హక్కు లేదు. దక్షిణాఫ్రికాలో నేటాల్ భారతీయ కాంగ్రెసును నడిపిన రోజులలో గాంధీజీ చిన్న చందాకు కూడ రసీదు ఇవ్వాలని పట్టుపట్టినారు. పద్దు సరిగా లేనిచోట సత్యం నిలవదని ఆయన నమ్మకం. తనను ఎవరో అనుమానిస్తారని ఆయన అట్లు చేయలేదు. తనను తాను పరీక్షించుకొనడానికి చేసినారు.

ఆ పెద్దన్న దగ్గరకు తిరిగిపోదాము. ఆయన దొంగ కాడు. ఇరవై ఏండ్లు నిద్ర మానుకొని ఇల్లు నిలబెట్టినాడు. కాని ఆ ఇల్లు తనది మాత్రమే అన్న భ్రమ, తెలియకుండానే, ఆయన మనస్సులో చేరినది. తమ్ముని ప్రశ్న గుచ్చుకున్నది అక్కడనే. ఆయన విస్తరి ముందు నుండి లేచిపోకుండా, "కూర్చో, పద్దు తెస్తాను" అని ఉంటే ఆయన పెద్దరికం ఏమీ తరిగి ఉండేది కాదు. మంత్రులకు, కార్యదర్శులకు మనం కోరవలసినది ఇంతే. అడిగే సభ్యులకు కోరవలసినది, పద్దు వచ్చినప్పుడు చివరి పుట వరకు చదివే ఓపిక.