అడిగి తెరవండి బిడ్డా

బిడ్డలారా, మీ నలుగురూ జట్టు కట్టి ఎథికల్ హ్యాకింగ్ పోటీకి పేరిచ్చారని తెలిసి చాలా సంతోషమైంది. శాలిబండ, మొగల్‌పురా, లాల్‌దర్వాజా, హుస్సేనీ ఆలం పిల్లలు ఒకే లాప్‌టాప్ ముందు చేరి, సగం తెలుగులో సగం ఉర్దూలో వాదించుకుంటూ ఒక చిక్కు విప్పుతున్నారంటే అంతకన్నా మంచి చదువు ఏముంటుంది? పెద్దవాణ్ని కాబట్టి కొన్ని మాటలు చెబుతాను. మందలింపు అనుకోకండి.

మీరు ఆడబోయేది క్యాప్చర్ ది ఫ్లాగ్, అంటే ఎక్కడో దాచిన 'ఫ్లాగ్' అనే రహస్య పదాన్ని వెతికి పట్టే ఆట. దాన్ని అమెరికాలో డెఫ్ కాన్ సభల్లో 1996 నుంచి ఆడుతున్నారు. మన దేశంలో కేరళ అమృతపురి విద్యార్థులు 2010 నుంచి ఇన్‌సీటీఎఫ్ అనే ఇలాంటి పోటీ పెడుతున్నారు. న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్ల సీఎస్ఏడబ్ల్యూ పోటీకి ఐఐటీ కాన్పూర్ మన దేశపు వేదిక అయింది. మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పిల్లలు కూడా తమ ఫెలిసిటీ ఉత్సవంలో 'బ్రేక్ ఇన్' పేరుతో ఈ పోటీ నడిపారు. కాబట్టి ఇది పెద్ద కాలేజీల వాళ్ల ఆట, మనకెందుకు అనుకోకండి. ఒక పాత లాప్‌టాప్, ఇంటర్నెట్, ఓపిక ఉంటే చాలు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల పికోసీటీఎఫ్ 2013 నుంచి ఉచితంగా నేర్పుతోంది.

ఓవర్ ద వైర్ సైటు వాళ్ల 'బ్యాండిట్' ఆట కూడా ఉచితమే, దాన్ని తప్పకుండా ఆడండి. అందులో మొదట్లోనే ఒక ఫైలు వస్తుంది, దాని పేరు ఉత్త అడ్డగీత. క్యాట్ కమాండ్ కొట్టి ఆ గీత పెడితే ఏమీ జరగదు, కర్సర్ అలా మెరుస్తూ ఉంటుంది. ఆ గీత అంటే 'కీబోర్డు నుంచి వచ్చింది చదువు' అని కంప్యూటర్ అర్థం చేసుకుంటుంది. గీతకు ముందు ఒక చుక్క, ఒక స్లాష్ పెట్టి 'ఈ ఫోల్డర్‌లోదే' అని చెబితే ఫైలు తెరుచుకుంటుంది. చూడటానికి చిన్న సంగతే. కానీ మనం ఒకటి చెబితే యంత్రం మరొకటి వింటుందన్న ఎరుక అక్కడ మొదలవుతుంది. ఈ విద్యకంతటికీ మూలం అదే.

పోటీలో ఫోరెన్సిక్స్, అంటే ఫైళ్లలో దాగినదాన్ని వెతికే ప్రశ్నల్లో ఒక ఫోటో ఇస్తారు. చార్మినార్ ఫోటోయే అనుకోండి. మామూలుగా తెరిస్తే బొమ్మ కనబడుతుంది, అంతే. ఫైలులోని బైట్లను నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చివరికి వెళ్లండి. జేపెగ్ ఫైలు ఎఫ్ఎఫ్ డీ9 అనే రెండు బైట్లతో ముగియాలి. ఆ తర్వాత కూడా ఇంకేదో ఉండి, అది 'పీకే' అనే రెండక్షరాలతో మొదలైతే, బొమ్మ వెనక ఎవరో జిప్ ఫైలు అతికించారన్నమాట. దాన్ని విడదీస్తే ఫ్లాగ్ చేతికొస్తుంది. ఫోటో ఎక్కడినుంచి తీశారో చెప్పమనే ప్రశ్నలు కూడా ఉంటాయి. చార్మినార్ కమాను లోంచి గుల్జార్ హౌజ్ వైపు కమాను కనబడితే, తీసినవాడు దక్షిణాన నిలబడ్డాడని ఈ గల్లీల్లో తిరిగిన మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పోటీ ఒకరోజో రెండురోజులో ఏకబిగిన నడుస్తుంది. వంతులేసుకుని పడుకోండి. నిద్ర లేని కళ్లకు తప్పిపోయిన కామా కూడా కనబడదు. ఏం ప్రయత్నించారో, ఎక్కడ ఆగిపోయారో వెంటనే రాసిపెట్టండి. గెలిచినా ఓడినా, పోటీ ముగిశాక ఆ రాతను శుభ్రంగా తిరగరాసి మీ జూనియర్లకు ఇవ్వండి. మొగల్‌పురా అమ్మాయీ, నీకొక మాట. ఆ రాసే పని నీ ఒక్కదానికే అంటగడితే ఒప్పుకోకు, నీ వంతు కీబోర్డు నువ్వు తీసుకో. అమృతపురిలో టీమ్ శక్తి పేరుతో అచ్చంగా అమ్మాయిల జట్టే ఉంది.

ఇక నా మనసులో అన్నిటికన్నా బరువుగా ఉన్న మాట. పోటీలో మీరు బద్దలుకొట్టే సర్వరు, బద్దలుకొట్టమని వాళ్లు పెట్టింది. బయటి సర్వరు అలాంటిది కాదు. ఏదో ఒక రోజు ఒక రిజల్ట్స్ సైటులో మీ మార్కులు చూసుకుంటుంటే, పైన లింకు చివర మీ రోల్ నంబరు కనబడుతుంది. చివరి అంకె మారిస్తే పక్కవాడి మెమో వస్తుందేమో అని చెయ్యి లాగుతుంది. లాగనివ్వకండి. పొరపాటున చూసినా అక్కడే ఆగండి. రెండో నంబరు కొట్టొద్దు, అన్నీ దించుకునే స్క్రిప్టు అసలే రాయొద్దు, స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో తిప్పొద్దు. జరిగింది జరిగినట్టు రాసి ఆ సంస్థకో, దేశానికంతటికీ సైబర్ భద్రత పని చూసే సెర్ట్-ఇన్‌కో పంపండి.

ఐటీ చట్టం 43వ సెక్షన్ అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్‌లో చొరబడటాన్ని తప్పంటుంది, నష్టపరిహారం కట్టిస్తుంది. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జూన్‌లో మన తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా బయటికి పోయిన కేసులో అరెస్టయింది ఎవరో పేరుమోసిన ముఠా నాయకుడు కాదు, 20 ఏళ్ల కుర్రాడు, ఇంకా చదువుకుంటున్నవాడు. డేటాను అమ్మకానికి పెట్టాడన్నది పోలీసుల ఆరోపణ. ఆ వార్త చదివినప్పుడు నాకు కోపం కన్నా బాధ ఎక్కువైంది. ఆ తెలివికి సరైన చోట పేరు, ఉద్యోగం రెండూ దొరికేవి. మీ వయసే బిడ్డా, మీలాంటివాడే.

పోటీ అయిపోయాక మీ విద్యకు ఊళ్లోనే పని ఉంది. లాడ్ బజార్‌లో ప్రతి గాజుల దుకాణంలోనూ క్యూఆర్ కోడ్ ఉంది. 'మీకు డబ్బు పంపుతున్నా, స్కాన్ చేసి పిన్ కొట్టండి' అని ఫోన్లో ఎవడో అంటే నమ్మి కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని, పిన్ కొడితే డబ్బు పోవడమేనని వాళ్ల భాషలో, వాళ్లకు తెలిసిన పిల్లలుగా మీరు చెబితే వింటారు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పండి, ఆ నంబరు గల్లా మీద రాసి అతికించండి. అక్కడ కూడా ముందు అడగండి, ఫోను ఆ దుకాణదారు చేతిలోనే ఉంచి చూపించండి. వచ్చే ఆదివారం ఒక్క దుకాణంతో మొదలుపెట్టండి.