ఏ ఫ్లాట్‌లో దుఃఖం ఉందా?

డి మైనర్ సెవెంత్ అంటే డి, ఎఫ్, ఏ, సి. నాలుగూ తెల్ల మెట్లే. ఏ మీదున్న మధ్యవేలిని అరస్వరం కిందికి, పక్కనున్న నల్ల మెట్టు ఏ ఫ్లాట్ మీదికి దించితే ఆ కార్డ్ ఫ్లాట్ ఫైవ్ అయిపోతుంది. నా దగ్గర పియానో నేర్చుకునే పిల్లలు వినగానే "ఏడుపుగా ఉంది టీచర్" అంటారు. ఆ ఏడుపు ఎక్కడుందో చూపించమంటాను.

కుడిచెయ్యి అలాగే ఉంచాలి. ఎడమచేత్తో కింద డి మోగించి జి సెవెంత్ మీదుగా సి మైనర్‌లో దిగితే ఏడుపు నిజమే. డి బదులు ఎఫ్ మోగిస్తే అవే మెట్లు ఎఫ్ మైనర్ సిక్స్త్. అక్కణ్ణుంచి సి మేజర్‌లోకి వెళ్తే ప్రార్థన ముగిసినంత నెమ్మది. బి ఫ్లాట్ మోగిస్తే నైన్త్ కార్డ్ అయి, ఈ-ఫ్లాట్ మేజర్‌లోకి హాయిగా నడుస్తుంది. 1865లో మ్యూనిక్‌లో తొలిసారి ఆడిన వాగ్నర్ ఒపెరా ‘ట్రిస్టన్ ఉండ్ ఇసోల్డె’లో మొట్టమొదటి కార్డ్ కూడా, విడిగా నొక్కి చూస్తే, ఎఫ్ మీద కట్టిన ఇలాంటి ఫ్లాట్ ఫైవ్ కార్డే. దానికి ఏం పేరు పెట్టాలో పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు.

మా పల్నాడులో నాగార్జునసాగర్ నీళ్ల మధ్య ఉన్న కొండ ఏ బౌద్ధ ఆచార్యుడి పేరు మోస్తోందో ఆ నాగార్జునుడు వాదించింది ఇదే: దేనికీ తనంతట తనకు స్వభావం లేదు, ఉన్నదంతా ఇతరాల మీద ఆధారపడి ఉంది. ఆ శూన్యతను ‘ఏమీ లేదు’ అనడంగా తీసుకునేవాళ్లంటే నాకు బాధ. ఏ ఫ్లాట్ తీగ ఎదురుగా మోగుతోంది కదా! లేనిదల్లా, విడిగా దానికంటూ ఒక దుఃఖం.

డికీ ఏ ఫ్లాట్‌కీ మధ్య ఆరు అరస్వరాల దూరం, ఆ కరుకుదనం దాని సొంతమే కదా అనొచ్చు. గట్టి అభ్యంతరమే. కానీ అదే జంట బి ఫ్లాట్ సెవెంత్‌లోనూ ఉంది. అక్కడ డి పైకి, ఏ ఫ్లాట్ కిందికి జరిగి ఇల్లు చేరతాయి. ఎవరికీ ఏడుపు రాదు. కదలాలనే తహతహ ఉంది, ఎటు కదలాలో మాత్రం అందులో రాసిలేదు.

తండ్రిని పోగొట్టుకున్న ఒక అమ్మాయి, "అయితే నా బాధ కూడా ఉత్తదేనా టీచర్?" అని అడిగింది. కాదమ్మా అన్నాను. నాగార్జునుడి మూలమధ్యమకకారిక 24వ ప్రకరణంలో ప్రతివాది ఇలాగే నిలదీస్తాడు: అంతా శూన్యమైతే దుఃఖమూ లేదు, దాని నివృత్తీ లేదు కదా అని. నాగార్జునుడు ఆ మాటను అతని మీదికే తిప్పుతాడు. దుఃఖానికి సొంత స్వభావమే ఉంటే అది పుట్టేదీ కాదు, పోయేదీ కాదు. ఏ ఫ్లాట్‌లోనే ఏడుపు ఉండి ఉంటే, ఎడమచెయ్యి ఎన్ని మెట్లు మార్చినా ఈ-ఫ్లాట్ మేజర్ చేరేవాళ్లం కాదు.